చుక్క పెట్టిన లైను

మా ఆఫీసులో ఆమెను అందరూ చుక్కలక్క అనేవారు. ఆమెకన్నా పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు, ఆమె పలికేది. ఆ పేరు ఆమె చేసే పని వల్ల వచ్చింది.

మేము తయారుచేసేది ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఉండే పెద్దరకం కాదు. లిఫ్టులు, నీళ్ల మోటార్లు, తూకం మిషన్లు, ఫ్రిజ్‌లు, వీటి లోపల వేలిగోరంత చిప్పు మీద నడిచే రకం. ఆ యంత్రాలు చేసేవాళ్లు మా సిస్టమ్ తీసుకుని తమ సెన్సర్లనూ బటన్లనూ దానికి తగిలించుకోవాలి. ఎలా తగిలించుకోవాలో తెలియడానికి మేము ఉదాహరణలు రాసి పెడతాం. ఒక్కో పరికరానికి ఒక్కో చిన్న ప్రోగ్రాం. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు లైను లైనూ చదివి సరే అన్నాకే అది బయటికి వెళ్లాలి. ఆ సరే అనే పని చుక్కలక్కది. ఈ సంగతి జరిగేనాటికి పంతొమ్మిదేళ్లుగా అదే పని.

కోడ్ మధ్యలో మనుషులు చదువుకోవడానికి రాసే మాటల చివర చుక్క లేకపోతే ఆమె ఊరుకునేది కాదు. ‘చుక్క పెట్టండి’ అని రాసి వెనక్కి పంపేసేది. అంత చిన్నదానికి తిప్పి పంపుతుందేమిటని కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో గొణుక్కునేవారు. ఒకాయన తన పెళ్లి కార్డు ఇస్తే చదివి, “అడ్రసు చివర చుక్క లేదండీ” అందని ఒక కథ ఉంది. తాను అనలేదనే ఆమె చెబుతుంది. అనే ఉంటుందని నా నమ్మకం. పదకొండేళ్లు ఆమె పక్క సీట్లో కూర్చున్నాను మరి.

ఆ మంగళవారం ఉదయం ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. మా సిస్టమ్ గురించి ఎవరు ఏ ఫిర్యాదు రాసినా ముందు ఆమె మెయిల్ పెట్టెలోకే వస్తుంది. ఇది మామూలు ఇంజనీర్లు రాసే ఫిర్యాదులా లేదు.

‘నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. ప్రోగ్రాములు నాకు రావు. తప్పుగా రాస్తే ఏమీ అనుకోకండి. మా దగ్గర పిల్లల క్లినిక్‌లో టీకా మందులు పెట్టే ఫ్రిజ్ ఒకటి ఉంది. దాని సెన్సర్ వైరు ఊడిపోయింది. వైరు ఊడితే తెర ఆరిపోవాలి, లేకపోతే కూత పెట్టాలి. ఇది అవేమీ చెయ్యకుండా నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు అనే చూపిస్తోంది. నాలుగే ఉందనుకుని మోటారు కూడా తిరగలేదు. లోపల మందు వెచ్చబడింది. తయారుచేసినవాళ్లను అడిగితే మీ ఉదాహరణలో ఎలా ఉందో అలాగే రాశాం అన్నారు. వాళ్లు పంపిన కాగితం జత చేశాను. మిషను బాగానే ఉంది, నువ్వే తలుపు సరిగ్గా వెయ్యలేదని స్టోరు చూసే ఆవిడను పనిలోంచి ఆపేశారు. మందు వెచ్చబడిందని కనిపెట్టి చెప్పింది కూడా ఆవిడే. కాస్త చూసి చెప్పండి.’

చుక్కలక్క ఆ కాగితం తెరిచింది. ముప్పై ఎనిమిది లైన్లు. ఇరవై మూడో లైను దగ్గర ఆగిపోయింది. ‘ఇప్పటి ఉష్ణోగ్రత.’ అని ఉంది అక్కడ. చివర చుక్క ఉంది.

“ఏమైందక్కా?” అని అడిగాను. ముఖం అంతలా పాలిపోయింది.

“ఏం లేదు,” అని లేచి వెళ్లి, మంచినీళ్ల కూజా దగ్గర చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ చుక్క పెట్టించింది ఆమే. మూడేళ్ల కిందటి సంగతి. ఒక శుక్రవారం మధ్యాహ్నం. సాయంత్రానికి కొత్త వెర్షన్ బయటికి వెళ్లాలి. ఉదాహరణలు రాసే ఆయన ఒకరు ఉండేవారప్పుడు. మంచి పనిమంతుడు, మాటకారి. ఏ ఉదాహరణా నలభై లైన్లు దాటకూడదని, దాటితే ఎవరూ చదవరని ఆయనే ఒక నియమం పెట్టించాడు. ఆ రోజు ఆయన పంపింది వేడిని కొలిచే సెన్సర్ ఉదాహరణ. అది చేసే పని చాలా తేలిక. సెన్సర్‌ను ఎంత వేడి ఉందని అడుగుతుంది. వచ్చిన అంకెను ఒకచోట దాస్తుంది. దాన్ని తెర మీద చూపించి మళ్లీ మొదటికి వెళుతుంది.

మరి సెన్సర్ పలకకపోతే? పలకలేదని సిస్టమ్ చెబుతుంది. ఆ ఉదాహరణ మాత్రం ఆ జవాబు వినిపించుకోదు. దాచిపెట్టిన పాత అంకెనే మళ్లీ మళ్లీ చూపిస్తుంది.

చుక్కలక్కకు అది మొదటి చదువులోనే కనపడింది. కనపడకపోవడానికి ఆమె ఎవరు? ఇరవై మూడో లైను పక్కన రెండు మాటలు రాసింది. ఒకటి, ‘చుక్క పెట్టండి.’ రెండోది, ‘ఇక్కడ సెన్సర్ జవాబు ఇవ్వకపోతే ఏమవుతుంది?’ పంపే ముందు ఎందుకో లేచి ఆయన సీటు దగ్గరికి వెళ్లి నోటితోనే అడిగింది.

ఆయన నవ్వాడు. “ఉదాహరణే కదక్కా. ఆ చెకింగులన్నీ పెడితే యాభై దాటుతుంది. వాడుకునేవాళ్లు వాళ్లకు కావలసినవి వాళ్లు పెట్టుకుంటారు. దీన్ని ఉన్నదున్నట్టు ఎవడైనా మిషన్లో దించేస్తాడా?”

అయిదింటికి అత్తగారి కంటికి కట్టు విప్పుతారు. నాలుగున్నరకు బయల్దేరాలి. అప్పటికి నాలుగూ పది. చుక్కలక్క సీట్లోకి వచ్చి రెండో మాట చెరిపేసింది. మొదటిది పంపింది. ఆయన చుక్క పెట్టి తిప్పి పంపాడు. ఆమె ‘సరే’ నొక్కి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

చూడక వదిలేసి ఉంటే ఆమె పొరపాటైంది అనుకునేదేమో. చూసింది, అడిగింది, అడిగినదాన్ని తన చేత్తో తుడిచేసింది. తుడిచేసిన మాట ఎక్కడా మిగలదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మన షరతుల్లో స్పష్టంగా ఉందమ్మా. ఉదాహరణలకు మన పూచీ లేదని. వాళ్లు పరీక్షించుకోవాలి. పరీక్షించలేదు. ఇందులో మన తప్పేముంది?”

“నాకు కనపడిందండి. కనపడి వదిలేశాను.”

ఆయన లేచి తలుపు వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఈ మాట నాతో అన్నారు, సరే. ఇంకెవరితోనూ అనకండి. ఆ మెకానిక్‌కి జవాబు ఇవ్వకండి. నేను పైవాళ్లతో మాట్లాడతాను. ఈలోగా ఉదాహరణ సరిచేసి పెట్టండి, ఎవరూ కాదనరు,” అన్నాడు.

సరిచెయ్యడానికి ఆమెకు పావుగంట పట్టింది. తొమ్మిది లైన్లు ఎక్కువయ్యాయి. సెన్సర్ పలకకపోతే తెర మీద అంకె పోయి గీతలు వస్తాయి. మూడేళ్ల కిందట ఈ పావుగంట తనకు ఎందుకు దొరకలేదని ఆమె ఆ మధ్యాహ్నమంతా కుమిలిపోయింది. పక్కనే ఉన్నాను కానీ అప్పటికి నాకు అసలు సంగతి తెలియదు. ఏదో తలనొప్పి అనుకుని మాత్ర ఇచ్చాను. మింగింది కూడా.

ఆ ఉదాహరణ రాసినాయన ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలయ్యాక విషయం చెప్పింది.

“ఏ ఉదాహరణక్కా?” అన్నాడాయన.

నిజంగానే గుర్తులేదు. అబద్ధమాడుతున్న గొంతు కాదు అది. వంద రాశాడు, అందులో అదొకటి. ఆమె ఇంకేమీ పొడిగించకుండా ఫోన్ పెట్టేసింది. కనీసం ఆయనతోనైనా పంచుకుందామనుకున్న బరువు మొత్తం తిరిగి ఆమె నెత్తినే పడింది.

ఇంట్లో ఆమె భర్త, అత్తగారు. భర్త బస్ డిపోలో డ్యూటీ చార్టులు వేస్తాడు. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో రాయడమే ఆయన పని. మితభాషి. అత్తగారు ఆ లోటు తీరుస్తుంది. కన్ను బాగయ్యాక పేపరు పూర్తిగా చదివి, చదివింది అందరికీ చెప్పేదాకా ఊరుకోదు. ఆ సాయంత్రం కోడలు కూర తరుగుతూ కత్తి పక్కన పెట్టేసి కూర్చుంటే, ఆవిడే కూపీ లాగింది. చుక్కలక్క చెప్పేసింది. శుక్రవారం సంగతి, నాలుగూ పది సంగతి, అన్నీ.

“అంటే నా కంటి కట్టు కోసమేనా?” అంది అత్తగారు.

“మీ కోసం కాదత్తయ్యా. కావాలంటే ఫోన్ చేసి మీ అబ్బాయిని పంపేదాన్ని. తొందరగా అయిపోతే బాగుండుననిపించింది, అంతే.”

“పోనీ నా మీద తోసెయ్. ముసలిదాన్ని, నన్నెవరు ఏమంటారు?” అని నవ్వబోయి, కోడలి ముఖం చూసి ఆగింది. “సరే గానీ, ఆ స్టోరమ్మాయికి ఎవరైనా చెప్పారా, ఆ పిల్ల తప్పు లేదని?”

చుక్కలక్క తల అడ్డంగా ఊపింది.

“మరి నువ్విక్కడ వంకాయలు ముందేసుకుని ఏడిస్తే ఆ పిల్లకు తెలుస్తుందా?”

భర్త గోడ మీది క్యాలెండరు చూశాడు. “గురువారం నాకు సెలవుంది. నేనూ వస్తాను,” అన్నాడు.

వస్తున్నామని మెకానిక్‌కు ముందే కబురు పెట్టి, గురువారం ఇద్దరూ రెండు బస్సులు మారి ఆ క్లినిక్‌కు వెళ్లారు. మెకానిక్ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, నూనె మరకల చొక్కా, చెవి మీద పెన్సిలు. ఉత్తరానికి ఒక మనిషే నడిచి వస్తుందని ఆయన అనుకోలేదు. “కంపెనీవాళ్లంటే ఏసీ గదుల్లోంచి కదలరనుకున్నానమ్మా,” అని కుర్చీ తుడిచి వేశాడు. మాటల్లో ఆయన తన సంగతీ చెప్పుకున్నాడు. “మొదటి రోజు నన్నే పిలిచారు. తెర చూశాను, నాలుగుంది. మిషను భేషుగ్గా ఉందని రాసిచ్చేశాను. వెనక బిళ్ల విప్పి చూసుంటే ఆ రోజే తేలిపోయేది. సర్వీసుకని షెడ్డుకు తెచ్చుకున్నాక చూశాను, అప్పటికే ఆవిణ్ని ఆపేశారు. ఇప్పుడు వైరు ఊడిందంటే, నువ్వు లాక్కెళ్లేటప్పుడు ఊడి ఉంటుంది పొమ్మంటున్నారు.”

క్లినిక్ పెద్ద డాక్టరమ్మ వాళ్లకు పది నిమిషాలు ఇచ్చింది. మెకానిక్ ఫ్రిజ్‌ను తిరిగి తెప్పించి ఉంచాడు. దాని లోపలి చిప్పు ప్రతి పది నిమిషాలకూ అంకెను దాచుకుంటుందని చుక్కలక్కకు తెలుసు. ఆ రోజుల అంకెలు బయటికి తీయించి కాగితాల మీద అచ్చు వేయించింది. నెల కిందటి ఒక సోమవారం ఉదయం పదకొండూ ఇరవై దాకా అంకెలు ఆడుతున్నాయి. మూడూ ఎనిమిది, నాలుగూ మూడు, నాలుగూ ఒకటి. తలుపు తీసినప్పుడల్లా పెరిగి, వేసినప్పుడల్లా తగ్గుతూ ఉన్నాయి. పదకొండూ ఇరవై తర్వాత నాలుగూ ఒకటి. ఆ పైన రెండు రోజులపాటు నాలుగూ ఒకటే.

“తలుపు తీసినా వేసినా ఒక్క పాయింటు కూడా కదలని ఫ్రిజ్ ఉండదండి,” అంది చుక్కలక్క. “వైరు ఊడింది ఇక్కడే. ఇక తలుపు తెరిచి ఉంచితే అంకె పెరగాలి గానీ ఇలా నిలిచిపోదు.”

తర్వాత మెకానిక్‌ను వైరు పెట్టమని, తెర మీద అంకె వచ్చాక మళ్లీ లాగెయ్యమంది. లాగేశాడు. సెన్సర్‌ను గుప్పిట్లో పట్టుకున్నాడు. అందరూ తెర చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం, రెండు, అయిదు. అంకె కదలలేదు. డాక్టరమ్మ కళ్లు మూసుకుని నుదురు రుద్దుకుంది. మందు వెచ్చబడింది చివరి రాత్రి ఒక్కటే అని అప్పటిదాకా అనుకున్నారు. ఆ రెండు రోజుల్లో ఆ ఫ్రిజ్‌లోని మందు వేయించుకున్నవాళ్లు ఎనభై ఆరుగురు పిల్లలు. మందు మనుషులకు హాని చెయ్యదు, కానీ పని కూడా చెయ్యదు. అందరినీ మళ్లీ పిలవాలి.

స్టోరు చూసే ఆవిడను కూడా రమ్మన్నారు. ముప్పై అయిదేళ్లుంటాయి. గది గుమ్మం దగ్గరే నిలబడి అంతా చూసింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అంతా అయ్యాక మెల్లిగా అడిగింది.

“అంటే నేను తలుపు వేశానన్నమాట?”

“వేశారు,” అంది చుక్కలక్క.

ఆవిడ గుమ్మం పట్టుకుంది. “నెల నుంచీ రోజూ గుర్తు చేసుకుంటున్నాను. వేశానా, వెయ్యలేదా అని. మొదటి వారం వేశాననే అన్నాను. అందరూ అన్నాక నాకే నమ్మకం పోయింది. వెయ్యలేదేమో, పొరపాటైందేమో అని మొన్న సంతకం కూడా పెట్టాను. ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో రోజూ మూడుసార్లు లేచి చూసుకుంటున్నాను.”

డాక్టరమ్మ, “ఆ కాగితం చింపేస్తాను,” అని గబగబా బయటికి వెళ్లింది.

అక్కడితో చుక్కలక్క వచ్చిన పని అయిపోయింది. ఆవిడ నిర్దోషి అని తేలిపోయింది. ఇక చుక్కలక్కను ఎవరూ ఏమీ అడగరు కూడా. భర్త సంచీ అందుకుని బయల్దేరదామన్నట్టు చూశాడు. ఆమె కదల్లేదు. ఆ క్షణంలో వెళ్లిపోయి ఉంటే సుఖంగానే ఉండేదాన్నేమో అని తర్వాత నాతో అంది. నమ్మినట్టు మాత్రం అనలేదు.

“ఆ ప్రోగ్రాం మా దగ్గర్నుంచే వచ్చిందండి,” అని స్టోరావిడతో అంది. “దాన్ని చదివి సరే అన్నది నేను.”

“చూసుకోలేదా మీరు?”

“చూశాను. తప్పుందని రాసి, చెరిపేశాను. ఇంటికి వెళ్లే తొందరలో.”

స్టోరావిడ చాలాసేపు ఆమెనే చూసింది. కోపం వస్తుందని చుక్కలక్క ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆవిడ తిట్టలేదు.

“ఇప్పుడన్న మాట కాగితం మీద రాసివ్వండి,” అంది. “యంత్రం తప్పు అంటే మా వాళ్లు నమ్మరు. యంత్రం ఎక్కడైనా తప్పు చేస్తుందా అంటారు. మనిషి తప్పని రాసివ్వండి. ఫలానా మనిషి అని.”

చుక్కలక్క అక్కడే స్టోరు బల్ల మీద కూర్చుని రాసింది. పేరు రాసింది, హోదా రాసింది, తేదీ వేసి సంతకం పెట్టింది. స్టోరావిడ నిలబడే చదువుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది. “వెళ్లిరండి,” అని కూడా అనకుండా వెళ్లిపోయింది.

ఆ కాగితం రెండు వారాల్లో మా ఆఫీసుకు చేరింది. ఎలా చేరిందో తెలియదు. మేనేజరు ఆమెను పిలిచి, “అనొద్దన్నాను కదమ్మా,” అన్నాడు. అంతటితో వదిలేశాడు. పైవాళ్లు మాత్రం ఊరుకోలేదు. సంజాయిషీ అడిగారు. సరే నొక్కే అధికారం తీసేశారు. పంతొమ్మిదేళ్లు అందరి కోడ్ తిప్పి పంపిన మనిషిని పాత కాగితాలు సర్దే పనిలో వేశారు. సీటు మాత్రం నా పక్కనే ఉంచారు. ఆ రోజుల్లోనే ఆమె నాకు ఇదంతా చెప్పింది. నేను ధైర్యం చెప్పబోయాను. “మూడేళ్లలో ఆ ఉదాహరణ ఎంతమంది చదివి ఉంటారక్కా, ఒక్కరికీ కనపడలేదు. నువ్వొక్కదానివే చూశావు,” అన్నాను.

“అదే కదా,” అంది.

ఇంకెప్పుడూ ఆమెకు ధైర్యం చెప్పబోలేదు నేను.

ఆమె చేసిన పనికి ఒక ఫలితం మాత్రం వచ్చింది. ఆ ఫ్రిజ్‌ల కంపెనీ తాను అమ్మిన ఫ్రిజ్‌లన్నిటిలో ప్రోగ్రాం మార్చింది. మా దగ్గర నలభై లైన్ల నియమం పోయింది. మిగతా ఉదాహరణలన్నీ మళ్లీ చదివారు. అదే రకం తప్పు ఇంకో పదిహేడింట్లో దొరికింది. అందులో పదకొండు చుక్కలక్క సరే అన్నవే. ఆ లెక్క ఎవరో గోడకు అంటిస్తే ఆమె దాని ముందు నిలబడి పూర్తిగా చదివింది.

రెండు నెలల తర్వాత ఆమెకు స్టోరావిడ నుంచి ఫోన్ వచ్చింది. తిరిగి పనిలో చేరిందట. పలకరింపులేవీ లేవు.

“ఎనభై ఆరుగురిలో తొమ్మిదిమంది ఇంకా రాలేదు. ఇళ్లు మారారు, ఫోన్లు మారాయి. మాకు మనుషులు చాలరు. డాక్టరమ్మను అడిగాను, ఒప్పుకుంది. శనివారాలు వచ్చి వెతుకుతారా?”

“వస్తాను,” అంది చుక్కలక్క.

శనివారాలు ఆమె స్టోరు గది మూలన స్టూలు మీద కూర్చునేది. చిరునామాలు పట్టుకుని వీధులు తిరిగేది. పాత ఇంటివాళ్లను, కిరాణా కొట్టువాళ్లను, బడి కాపలావాళ్లను అడిగేది. ఒకచోట పిల్లాడి తండ్రి తలుపు సగమే తీసి, “ఒకసారి వేసిన సూది మళ్లీ ఎందుకు? ఎవడి నిర్లక్ష్యమండీ ఇది?” అని మండిపడ్డాడు. “నాదేనండి,” అంది ఆమె. ఆయన వెటకారమనుకుని తలుపు వేసేశాడు. మరుసటి శనివారం మళ్లీ వెళ్లింది. ఆ పై శనివారం ఆ పిల్లాడు వచ్చి సూది వేయించుకుని, క్లినిక్ దద్దరిల్లేలా ఏడ్చాడు.

స్టోరావిడ ఆమెతో పనికి కావలసిన మాటలే మాట్లాడేది. జాబితాలో దొరికినవాళ్ల పేరు కొట్టేసి కాగితం ఆమె వైపు జరిపేది. స్నేహం కుదరలేదు. కుదరాలని చుక్కలక్క ఆశపడనూ లేదు. అత్తగారు మాత్రం వారం వారం, “ఏమందా పిల్ల?” అని అడిగేది. “ఏమీ అనలేదత్తయ్యా,” అనేది. “అనకపోతే పోనీ, రావద్దనలేదుగా,” అనేది అత్తగారు.

ఏడాదికి సరే నొక్కే అధికారం తిరిగి ఇచ్చారు. ఆమె వద్దనలేదు. ఇప్పుడు ఒక ఉదాహరణ చదవడానికి రెండు రోజులు తీసుకుంటుంది. ఏదైనా రాసి మళ్లీ చెరపాల్సి వస్తే, ఎందుకు చెరుపుతున్నదో కింద రాసి, నన్ను పిలిచి చూపించి, అప్పుడే చెరుపుతుంది. మావాళ్లకు విసుగే. ఎవరూ పైకి అనరు.

తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది దొరికారు. తొమ్మిదో పాప ఆచూకీ లేదు. ఆ ఫోన్ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో అయింది. ఇంటిస్థలంలో కొత్త భవనం లేచింది. ఎటు వెళ్లారో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పాప వయసు అప్పటికి పది నెలలు. ఇప్పుడు నాలుగు నిండి ఉంటాయి. మొన్న శనివారం కూడా చుక్కలక్క వెళ్లింది. ఈసారి అవతలి పేటలో ఉన్న మూడు బాలవాడీల పేర్లు సంపాదించింది. రెండింట్లో అడిగింది, లేదన్నారు. మూడోది ఆ రోజు మూసి ఉంది.